లీటరుకు ఎన్ని కిలోమీటర్లు? – మైలేజి లెక్క వెనుక ఉన్న కొలత

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై ఐదేండ్ల పండుగ జరుపుకొంటున్న విద్యాలయంలో భాషను గూర్చి, సాహిత్యాన్ని గూర్చి, సంస్థ చరిత్రను గూర్చి ప్రసంగాలు ఉండటం సహజం. పెట్రోలు లెక్కను గూర్చి ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల తండ్రులలో టాక్సీ నడిపేవారున్నారు, ఆటో నడిపేవారున్నారు, సరకుల వ్యాను అప్పు మీద కొని నెలనెలా వాయిదా కట్టుకొంటున్నవారున్నారు. వారి ఇంటి ఆదాయవ్యయాలను నిర్ణయించే అంకె ఒకటే: లీటరుకు ఎన్ని కిలోమీటర్లు. ఆ అంకె ఎక్కడ పుడుతుందో, ఎవరు కొలుస్తారో, ఎట్లా కొలుస్తారో తెలుగులో వివరించే పుస్తకాలు తక్కువ. అందువలన ఈ విషయం.

ఈ విషయానికి చెన్నపట్నం కంటె తగిన వేదిక లేదు. డెబ్బై ఐదేళ్ళ కిందట ఈ నగర వీథులలో ట్రాము బండ్లు నడిచేవి. అవి 1953లో ఆగిపోయాయి. ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టిన సంస్థ 1955లో అశోక్ లేలాండ్ అయి లారీలకు, బస్సులకు పేరుపొందింది. అదే 1955లో తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిళ్ళ తయారీకి నాంది పలికింది. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ వారి శాంత్రో కారు తయారై బయటికి వచ్చింది. మరైమలై నగర్‌లో ఫోర్డు సంస్థ 2022 వరకు కార్లు చేసింది. ఒరగడంలో రెనో, నిస్సాన్ కార్లు తయారవుతున్నాయి. కార్లను పరీక్షించే ప్రభుత్వ కేంద్రం కూడ ఆ ఒరగడంలోనే ఉన్నది. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

ముందుగా ఆ మాట సంగతి. మైలేజి అన్న మాటలో మైలు ఉన్నది. గ్యాలనుకు ఎన్ని మైళ్ళు అన్న లెక్క ఇంగ్లీషువారి కాలం నాటిది. భారతదేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి, గ్యాలన్లు పోయి లీటర్లు వచ్చాయి. మాట మాత్రం పోలేదు. పాత పత్రికలలో ఒక కారు గ్యాలనుకు 40 మైళ్ళు ఇస్తుందని చదివితే, అది లీటరుకు 14 కిలోమీటర్లతో సమానమని గ్రహించాలి. అమెరికా గ్యాలను దీనికంటె చిన్నది, 3.785 లీటర్లు మాత్రమే. ఇంగ్లీషు గ్యాలను 4.546 లీటర్లు. రెండింటినీ ఒకటిగా భావించి విదేశీ కార్లను పోల్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఇక తెలుగువారు ఈ విషయాన్ని అడిగే తీరు గమనింపదగినది. "బండి ఎంత ఇస్తుంది?" అంటారు. పాడిగేదెను బేరమాడే రైతు "పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడిగినట్లే ఇదీ. ఈ పోలిక కేవలం చమత్కారం కాదు. గేదె ఇచ్చే పాలు మేతను బట్టి, ఈనిన కాలాన్ని బట్టి, పితికే చేతిని బట్టి మారతాయి. సంతకు తోలుకువచ్చే ముందు ఒక పూట పాలు తీయకుండా ఆపి, పొదుగు నిండుగా చూపే అమ్మకందారులున్నారు. అందుకే తెలిసిన రైతు రెండు పూటలు తన కళ్ళ ముందు పితికించి చూసిగాని బయానా ఇవ్వడు. కారు కొనేవారు మాత్రం కాగితం మీద అచ్చయిన అంకెను చూచి బయానా ఇస్తారు.

ఒక టాక్సీ యజమాని లీటరుకు 20 కిలోమీటర్లు వస్తుందన్న నమ్మకంతో అప్పు చేసి కారు కొన్నాడనుకోవచ్చు. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే 150 లీటర్ల ఖర్చు. నగరంలో నడిపితే వచ్చినది 14 మాత్రమే అయితే 214 లీటర్లు కావాలి. తేడా 64 లీటర్లు. లెక్క సులువు కోసం లీటరు నూరు రూపాయలనుకొంటే నెలకు 6,400 రూపాయలు. అది ఒక పిల్లవాడి చదువుకయ్యే ఖర్చు, లేదా వాయిదాలో పెద్ద భాగం. కంపెనీవారు అబద్ధం చెప్పారా? చాలా సందర్భాలలో చెప్పలేదు. వారు చెప్పిన 20 నిజమే, డ్రైవరుకు వచ్చిన 14 నిజమే. రెండు నిజాలకు మధ్య ఉన్నది కొలత పద్ధతి.

ఆ పద్ధతి ఇట్లా ఉంటుంది. కొత్త కారు నమూనాను అమ్మకానికి పెట్టేముందు ప్రభుత్వ గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రానికి పంపాలి. పుణేలో 1966లో ఏర్పడిన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇటువంటి వాటిలో అందరికీ తెలిసినది. అందుకే పరీక్ష మరొకచోట జరిగినా సరే, దుకాణాలలో "ఏ.ఆర్.ఏ.ఐ. మైలేజి" అనే అంటారు. చెన్నై దగ్గర ఒరగడంలో ఉన్న గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ కూడ ఇటువంటి పరీక్షల కోసం ఏర్పడినదే.

అక్కడ కారును రోడ్డు మీద నడిపి కొలుస్తారని చాలామంది ఊహ. నిజానికి గదిలోనే కొలుస్తారు. నేలలో అమర్చిన పెద్ద ఉక్కు దొర్లుడు పీపాల మీద చక్రాలను నిలుపుతారు. కారు నడుస్తుంది, పీపాలు తిరుగుతాయి, కారు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఈ యంత్రానికి చాసిస్ డైనమోమీటరు అని పేరు. ఎదుట పెద్ద పంకా గాలిని విసురుతూ ఉంటుంది. రోడ్డు మీద కారుకు ఎదురయ్యే గాలి తాకిడిని, టైర్ల రాపిడిని ఈ పీపాలే కల్పించాలి. ఎంత కల్పించాలో తెలిసేదెట్లా? అందుకు ముందుగా కారును పొడవైన చదును బాట మీద వేగంగా నడిపి, గేరు తప్పించి, దానంతట అదే నెమ్మదించేటట్లు వదిలివేస్తారు. ఏ వేగం నుంచి ఏ వేగానికి తగ్గడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గుర్తిస్తారు. త్వరగా నెమ్మదించిన కారుకు నిరోధం ఎక్కువ, నిదానంగా నెమ్మదించిన దానికి తక్కువ. పదవ తరగతి పిల్లలకు తెలిసిన న్యూటను రెండవ సూత్రమే ఇది. ఈ ఒక్క పరీక్షలో కొన్ని సెకన్లు అటూ ఇటూ చేస్తే తరువాతి లెక్క అంతా మారిపోతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. దానితో ఆడుకొన్నవారి కథ తరువాత వస్తుంది.

కారు ఎంత వేగంతో, ఎప్పుడు, ఎన్ని సెకన్లు నడవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. పాటకు స్వరం రాసినట్లు వేగానికి ఒక పట్టిక రాసి ఉంటుంది; డ్రైవరు ఎదుటి తెర మీద గీతను చూస్తూ దానిని తప్పకుండా అనుసరించాలి. తొలిరోజుల్లో పుణే సంస్థ రూపొందించిన భారతీయ చాలన చక్రం 108 సెకన్లది; దానిని ఆరుసార్లు తిప్పేవారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు. అంబాసిడర్లు, ఫియట్లు తిరిగిన వీథులకు అది సరిపోయింది. తరువాత కార్ల కోసం ఐరోపా చక్రాన్ని స్వీకరించి, అక్కడ 120గా ఉన్న గరిష్ఠ వేగాన్ని 90కి తగ్గించారు. 195 సెకన్ల నగర భాగం నాలుగుసార్లు, తరువాత 400 సెకన్ల రహదారి భాగం ఒకసారి, మొత్తం 1,180 సెకన్లు. ఇరవై నిమిషాలు కూడ నిండని ఈ పరీక్షలో పుట్టిన అంకె ఆ కారు పేరుతో పదేళ్ళు తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విచిత్రం. ఈ పరీక్షలో పెట్రోలును కొలవరు. పొగను కొలుస్తారు. కారు పొగగొట్టం నుంచి వచ్చే వాయువును శుభ్రమైన గాలితో కలిపి, అందులో కొంత భాగాన్ని పెద్ద సంచులలో పట్టి ఉంచుతారు. పరీక్ష ముగిశాక ఆ సంచులలో కార్బన్ డయాక్సైడు ఎంత, కార్బన్ మోనాక్సైడు ఎంత, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు ఎంత అని పరిశీలిస్తారు. కార్బన్ డయాక్సైడు పరారుణ కిరణాలను పీల్చుకొంటుంది. కిరణం ఎంత మందగించిందో చూచి వాయువు ఎంత ఉన్నదో చెబుతారు. పాత తెలుగు పుస్తకాలలో దీనిని బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఈ సందర్భంలో ఆ పాత మాటే బాగుంటుంది, ఎందుకంటె లెక్కంతా బొగ్గు లెక్కే.

ద్రవ్యనిత్యత్వ నియమం ప్రకారం పెట్రోలులో లోనికి పోయిన బొగ్గు ఎంతో, పొగలో బయటికి వచ్చిన బొగ్గు అంతే ఉండాలి. ఎక్కడికీ పోదు, ఎక్కడి నుంచీ రాదు. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో కార్బను 640 గ్రాముల దాకా ఉంటుంది, మిగిలినది హైడ్రోజను. 12 గ్రాముల కార్బను 32 గ్రాముల ఆక్సిజనుతో కలిసి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు అవుతుంది. 640ని 44తో హెచ్చించి 12తో భాగిస్తే దాదాపు 2,350 గ్రాములు వస్తుంది. ముప్పాతిక కిలో కూడ తూగని పెట్రోలు నుంచి రెండు కిలోల పైచిలుకు వాయువు ఎట్లా వచ్చిందని పిల్లలు తప్పక అడుగుతారు, అడగాలి. బరువులో అధికభాగం గాలి నుంచి తీసుకొన్న ఆక్సిజనుది. ఇక లెక్క తేలిక. కిలోమీటరుకు 117 గ్రాముల కార్బన్ డయాక్సైడు వచ్చిందంటే, 2,350ని 117తో భాగించగా 20 పైచిలుకు. అదే లీటరుకు 20 కిలోమీటర్లు. పెట్రోలు ట్యాంకును ఎవరూ ముట్టుకోనక్కరలేదు. ఎనిమిదో తరగతి రసాయనశాస్త్రం ఇంత పెద్ద వ్యాపారానికి ఆధారంగా నిలిచిందని పిల్లలకు చెబితే ఆ పాఠం మీద వారికి గౌరవం పెరుగుతుంది.

పరీక్ష ఇంత శాస్త్రీయమైనదైతే రోడ్డు మీద అంకె ఎందుకు తగ్గుతుంది? పరీక్ష వాతావరణం శాస్త్రీయమే, కాని అది చెన్నై వాతావరణం కాదు. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ ఆపివేస్తారు. మే నెల మధ్యాహ్నం తాంబరం నుంచి పారిస్ కార్నరుకు ప్రయాణికులను తీసుకువెళ్ళే టాక్సీలో ఏసీ ఆపితే దిగిపోయేవారే ఎక్కువ. ఏసీ యంత్రాన్ని తిప్పేదీ అదే ఇంజను. దానివలన పదో వంతుకు అటూ ఇటూగా ఇంధనం అదనంగా ఖర్చవుతుంది. పరీక్షలో కారు సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 26 సెకన్లు తీసుకొంటుంది. అన్నా సాలై మీద పచ్చదీపం వెలగగానే 26 సెకన్లు తీసుకొంటే వెనుకనున్న బస్సు హారను మోత భరించడం కష్టం.

ఆగడం, కదలడం ఎంత ఖరీదైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. వెయ్యి కిలోల కారు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి సుమారు 96 కిలోజౌళ్ళు. బ్రేకు వేయగానే అదంతా వేడిగా మారి వ్యర్థమవుతుంది. లీటరు పెట్రోలులో 32,000 కిలోజౌళ్ళ శక్తి ఉన్నా, చక్రాల దాకా చేరేది నాలుగో వంతు అనుకోవచ్చు, అంటే 8,000. ఆ లెక్కన ఒక్కసారి ఆగి మళ్ళీ అదే వేగం అందుకోవడానికి 12 మిల్లీలీటర్లు కావాలి. చిన్న చెంచాతో రెండున్నర చెంచాలు. నగరం ఒక చివర నుంచి మరొక చివరకు పోయేసరికి నలభైసార్లు ఆగితే దాదాపు అర లీటరు బ్రేకు బిళ్ళల వేడి కింద పోయినట్లే. సిగ్నలు దగ్గర ఇంజను ఊరక తిరిగినందుకు పోయేది దీనికి అదనం. ముందు ఎర్రదీపం ఉన్నదని తెలిసి కూడ చివరిదాకా దూకుడుగా పోయి బ్రేకు వేసే డ్రైవరు తన జేబును తానే కత్తిరించుకొంటున్నాడు.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సమస్య వేరు. అక్కడ సిగ్నళ్ళు తక్కువ, గాలి ఉన్నది. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం 80 నుంచి 100కి పెంచితే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. పరీక్షలో గరిష్ఠ వేగం 90 మాత్రమేనని ముందే చెప్పుకొన్నదే. టైర్లలో గాలి తక్కువగా ఉండటం, సామాను బరువు, పైకప్పు మీద కట్టిన మూటలు, ఇవి అందరికీ తెలిసినవే గనుక విస్తరించనక్కరలేదు.

నిజాయితీతో కొలిచినా తేడా వస్తున్నప్పుడు, నిజాయితీ తప్పితే ఏమవుతుందో చెప్పే ఉదంతాలున్నాయి. వాటిలో ఒకటి ఈ ఊరిదే. వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1960లలో స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు చేసి పేరు తెచ్చుకొన్నది. 1985లో అది స్టాండర్డ్ 2000 అనే ఖరీదైన కారును విడుదల చేసింది. బాహ్యరూపం బ్రిటిషు రోవరుది, ఇంజను మాత్రం పాత వాన్‌గార్డు నాటిది. బరువైన కారుకు పాత ఇంజను కట్టినప్పుడు పెట్రోలు ఎక్కువ తాగడంలో వింత లేదు. ఆ కారు ఇంధన పొదుపు గురించి సంస్థ ఇచ్చిన అంకెల మీద ఆరోపణలు వచ్చాయి, వివాదం చెలరేగింది. 1988లో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ కారు విఫలం కావడానికి ధర, పనితీరు వంటి కారణాలు ఇంకా ఉన్నా, మైలేజి అంకె విశ్వాసం కోల్పోవడం చిన్న విషయం కాదు.

విదేశాలలో ఇంతకంటె పెద్ద ఉదంతాలు జరిగాయి. 2012 నవంబరులో అమెరికా పర్యావరణ సంస్థ పరిశీలనలో హ్యుందాయ్, కియా కార్ల మైలేజి అంకెలు అక్కడ ఎక్కువ చేసి చూపినట్లు తేలింది. 2014లో ఆ సంస్థలు 10 కోట్ల డాలర్ల అపరాధ రుసుముకు అంగీకరించాయి. 2016 ఏప్రిలులో జపాను మిట్సుబిషి సంస్థ ఆరు లక్షలకు పైగా చిన్న కార్ల విషయంలో తప్పు వివరాలు ఇచ్చినట్లు తానే ఒప్పుకొన్నది. రెండు సందర్భాలలోనూ తప్పు జరిగినచోటు పొగ సంచి కాదు, కారును గేరు తప్పించి వదిలి నిరోధాన్ని కొలిచే ఆ మొదటి పరీక్ష. సంతకు ముందు పూట పాలు ఆపిన చందమే. ఐరోపావారు 2017 సెప్టెంబరు నుంచి తమ పాత చక్రాన్ని వదిలి, 1,800 సెకన్లు, 23 కిలోమీటర్లకు పైగా సాగే కొత్త ప్రపంచ పద్ధతిని అమలులోకి తెచ్చారు. అందులో వేగం గంటకు 131 కిలోమీటర్ల దాకా పోతుంది, త్వరణాలు కూడ చురుకైనవి. కారు మారకుండానే దాని మైలేజి అంకె తగ్గింది. అది కొత్త పద్ధతిలోని లోపం కాదు. అక్కడి కొనుగోలుదారులకు జరిగిన మేలు.

ఇక సామాన్యుడు తనంతట తాను కొలుచుకొనే తీరు. ఆర్టీసీ డిపోలలో పనిచేసినవారికి కె.ఎం.పి.ఎల్. అన్న మాట నిత్య పరిచయం. బస్సు డిపోకు తిరిగి రాగానే ట్యాంకు పూర్తిగా నింపుతారు. నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో, బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాస్తారు. బస్సు వారీగా, డ్రైవరు వారీగా ఈ లెక్క ఉంటుంది. ఒకే బస్సు ఒకే మార్గంలో ఇద్దరు డ్రైవర్ల చేతిలో రెండు అంకెలు చూపడం అక్కడివారికి తెలిసినదే. బస్సు లీటరుకు 5 కిలోమీటర్లే ఇస్తుందని చులకన చేయరాదు. యాభైమందిని మోసే బస్సు లీటరుకు 250 ప్రయాణికుల కిలోమీటర్లు ఇచ్చినట్లు. ఒక్కడు కూర్చుని నడిపే కారు 15 ఇచ్చినా, అది 15 దగ్గరే ఆగిపోతుంది.

ఇంట్లో కూడ ఇదే పద్ధతి పాటించవచ్చు. ట్యాంకు నిండా పోయించి, ఓడోమీటరు అంకె రాసుకొని, మళ్ళీ నిండా పోయించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. చెప్పినంత తేలికగా ఉన్నా ఇందులో ఒక మోసం దాగి ఉన్నది. ట్యాంకు నిండటం ఎప్పుడూ ఒకే గీత దగ్గర జరగదు. బండి కొద్దిగా ఒరిగి నిలిస్తే, పంపు ముందే ఆగితే, అర లీటరు తేడా రావచ్చు. ఐదు లీటర్ల కొలతలో అర లీటరు తేడా అంటే పది శాతం తప్పు. నలభై లీటర్లలో అదే అర లీటరు ఒక శాతానికి కొంచెం పైన. అందుకే ఒకసారి కొలిచి తీర్పు చెప్పరాదు. ఐదారు ట్యాంకుల లెక్క కలిపి చూడాలి. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది గనుక ఓడోమీటరు అసలు దూరం కంటె కొద్దిగా ఎక్కువ చూపుతుంది. ఒకటి రెండు శాతం తేడాకు అది చాలు.

పెట్రోలు బంకులో పోసినది సరిగా ఉన్నదా అన్న సందేహం చాలామందిది. ప్రతి బంకులోను తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. వినియోగదారుడు అడిగితే అందులో పోసి చూపాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు చట్టం అనుమతిస్తుంది. తెల్లవారుజామున పోయించుకొంటే పెట్రోలు చల్లగా చిక్కగా ఉండి ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉన్నది. పెట్రోలు పది డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుందన్నది నిజమే. కాని బంకు ట్యాంకులు భూమిలో ఉంటాయి, అక్కడ పగటికీ రాత్రికీ తేడా స్వల్పం. నిద్ర చెడగొట్టుకొన్నంత లాభం లేదు.

లెక్కలో తరచు జరిగే పొరపాటును గణితం చెప్పే ఉపాధ్యాయులు తరగతిలో వాడుకోదగును. ఒక కారు నగరంలో 100 కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, రహదారిలో 100 కిలోమీటర్లు లీటరుకు 20 చొప్పున నడిచింది. సగటు ఎంత? పది మందిలో తొమ్మండుగురు 15 అంటారు. నగరంలో 10 లీటర్లు, రహదారిలో 5 లీటర్లు, మొత్తం 15 లీటర్లకు 200 కిలోమీటర్లు, అంటే 13.3. ఇది హరాత్మక మధ్యమం. పాఠ్యపుస్తకంలో నిర్జీవంగా కనిపించే ఆ సూత్రం పెట్రోలు బంకులో ప్రాణం పోసుకొంటుంది.

దీని కంటె సూక్ష్మమైనది మరొకటి ఉన్నది. ఒక ఇంట్లో లీటరుకు 8 ఇచ్చే పాత వ్యాను, 40 ఇచ్చే స్కూటరు ఉన్నాయి. రెండూ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాయి. వ్యానును మార్చి 10 ఇచ్చేది కొనడం మేలా, స్కూటరును మార్చి 50 ఇచ్చేది కొనడం మేలా? రెండింటిలోనూ వృద్ధి 25 శాతమే. పైకి చూస్తే 40 నుంచి 50 పెద్ద అంగలా కనిపిస్తుంది. లెక్క వేస్తే, వ్యాను 125 లీటర్ల నుంచి 100కి దిగి 25 లీటర్లు మిగులుస్తుంది. స్కూటరు 25 నుంచి 20కి దిగి 5 లీటర్లే మిగులుస్తుంది. ఈ భ్రమను గూర్చి 2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఆచార్యులు వ్రాసిన వ్యాసం ప్రసిద్ధి పొందింది. ఐరోపాలో చాలాచోట్ల లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగరు, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడుగుతారు. ఆ తీరులో అడిగితే ఈ భ్రమకు తావులేదు. భారతదేశపు నియమాలలో కూడ ఆ తీరు ప్రవేశించింది. కార్ల తయారీ సంస్థలు అమ్మే కార్లన్నిటి సగటు మీద ప్రభుత్వం పరిమితి పెట్టింది: 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 2022-23 నుంచి 113 గ్రాములు. నూరు కిలోమీటర్లకు 4.78 లీటర్లు, అంటే లీటరుకు సుమారు 21 కిలోమీటర్లు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్నప్పుడు ఈ నియమం అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఈ సగటు కూడ ప్రయోగశాల అంకెల సగటే. ట్రాఫిక్కులో నిలిచిన కార్లది కాదు.

ఇటీవల ఈ లెక్కలో ఇథనాలు వచ్చి చేరింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాలులో ఉండే శక్తి పెట్రోలు కంటె సుమారు మూడో వంతు తక్కువ. ఐదో వంతులో మూడో వంతు తగ్గితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గినట్లు. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, పాత పెట్రోలు కోసం రూపొందించిన కార్లలో మైలేజి 6 నుంచి 7 శాతం దాకా, కొత్త మిశ్రమానికి సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గవచ్చు. చెరకు, ధాన్యం పండించే రైతుకు దీనివలన లాభమున్నది, విదేశీ మారకం మిగులుతున్నది. ఆ తూకం వేరు చర్చ. టాక్సీ యజమాని మాత్రం తన కారు ఏ ఇంధనానికి తయారైనదో, కాగితం మీది అంకె ఏ ఇంధనంతో కొలిచినదో అడిగి తెలుసుకోవాలి. ఐదారేళ్ళ కిందటి కారు మైలేజి ఇప్పుడు తగ్గితే మెకానిక్కును తప్పు పట్టేముందు ఈ సంగతి చూడటం న్యాయం.

తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఈ జూబిలీ సంవత్సరంలో ఒక పని అప్పగించవచ్చునని సూచన. ఇంటిలోనో, పక్కింటిలోనో ఉన్న ఒక బండికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టాలి. నింపిన తేదీ, పట్టిన లీటర్లు, ఓడోమీటరు అంకె, టైర్లలో గాలి, ఏసీ వేసినదీ లేనిదీ, ప్రయాణం ఎక్కువగా ఊరిలోనా, బయటనా అన్నది రాయాలి. మూడు నెలల తరువాత లీటరుకు కిలోమీటర్లు, నూరు కిలోమీటర్లకు లీటర్లు, కిలోమీటరుకు గ్రాముల బొగ్గుపులుసు వాయువు లెక్కగట్టాలి. మూడో లెక్కకు కావలసిన 2,350 అన్న అంకె ఈ ప్రసంగంలోనే ఉన్నది. డీజిలు బండి అయితే దానికి బదులు సుమారు 2,680 తీసుకోవాలి.